తోడంటు

పంటి నొప్పితో మొదలైంది.
వారాసిగూడ మెడికల్ షాపులో
చీటీ అడక్కుండా ఇచ్చిన ఎర్ర గోళీలు, ఐదు రోజులు.
తగ్గలేదని ఇంకో రకం, ఏడు రోజులు.
తర్వాత దవాఖానలో సెలైన్‌తో పాటు మరొకటి.
పన్ను నిమ్మళమైంది.
కడుపు మాత్రం ఖాళీ చేసిన ఇల్లులా
రాత్రింబవళ్ళు తలుపులు కొట్టుకుంటూనే ఉంది.

నలభై రోజుల్లో పదకొండు కిలోలు పోయాను.
బాత్రూం గోడ పలకలు లెక్కపెట్టాను:
నూట ముప్పై రెండు. ఒకటి పగిలింది.

సోమాజిగూడలో డాక్టర్ నుస్రత్
నా రిపోర్టును పెన్ను మూతతో తట్టింది.
"అమ్మా, మీ పేగుల్ల పెద్ద బస్తీ ఉండె.
కోట్ల మంది. పేరు తెల్సినోళ్ళు కొందరే.
మీరు తిన్న పీచు, పొట్టు వాళ్ళకు కూలి.
బదులుగా పేగు గోడకు సున్నం ఏసేటోళ్ళు,
దొంగెవడో చుట్టమెవడో ఒంటికి నేర్పేటోళ్ళు.
మందులొచ్చి అందర్నీ ఎల్లగొట్టినయి.
ఒక్క బద్మాష్ గింజ లెక్క ముడుచుకొని దాక్కుండు.
ఇప్పుడు జాగా మొత్తం వాడే కబ్జా పెట్టిండు."

కబ్జా గురించి నాకొకరు చెప్పాలా?
ఇరవై ఆరేళ్ళు రిజిస్ట్రేషన్ ఆఫీసు గేటు ముందు
దస్తావేజులు రాసి బతికినదాన్ని.
చెరువు శిఖం ప్లాట్లయిపోవడం
నా చేతిరాతలోనే జరిగింది.

"మళ్ళీ మందులు వేసి వాణ్ణి లేపెయ్యండి" అన్నాను.
"రెండుసార్లు లేపినం కదా. మళ్ళొచ్చిండు.
ఇండ్లల్ల మనుషులుండాలె.
వేరే కడుపులకెంచి తేవాలె."
ఆ తర్వాత మాట ఆమె మెల్లగా చెప్పింది.
నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.
ఒకరు తాగిన గ్లాసు ముట్టనిదాన్ని.

కొడుకు పనికిరాలేదు: పోయిన నెలే దగ్గుకు గోళీలు మింగాడు.
కోడలి పరీక్షలో ఏదో తేలింది.
నాకు చెప్పకుండా లాలాపేటకు ఫోన్ చేశారు.

అండాలు.
నా తోడబుట్టింది.
అమ్మ గుండ్ల పేరు దగ్గర తెగిన మాట
తొమ్మిదేళ్ళయినా అతకలేదు.
పెళ్ళిళ్ళలో ఒకే బంతిలో కూర్చున్నా
నా చూపు నా విస్తరి దాటేది కాదు.

తెర అవతల నర్సు అడుగుతోంది:
గోళీలు ఆఖర్న ఎప్పుడు మింగినవమ్మా?
"యాదికి లేదు."
రోజూ ఏం తింటవ్?
"గట్క. పుల్ల సల్ల. ఉల్లిగడ్డ."
ఇంకా?
"ఇంకేముంటది."
పడుకుని విన్నాను.
ఆ జాబితా మా అమ్మది.

గురువారం పొద్దున ఒక డబ్బా, దాని మీద నంబరు.
ఉప్పునీళ్ళతో చిలికారట. వడకట్టారట.
మత్తులోకి జారుతుంటే ఆ మాటే చెవిలో తిరిగింది, చిలికారట.

దీపాలు పెట్టాక తోడంటు బయటికి ఇవ్వకూడదంటారు.
అమ్మ ఇచ్చేది.
ఒక పచ్చిమిరపకాయ అందులో వేసి,
నల్లా దగ్గర తిట్టిపోసిన ఇంటికైనా సరే,
"పాలకేం తెల్సు మన కొట్లాట" అనేది.
ఆ గిన్నె పట్టుకుని చీకట్లో గల్లీ దాటేది అండాలే.
నాకు కుక్కలంటే భయం.

నాలుగో రోజు
కడుపులో తలుపులు కొట్టుకోవడం ఆగింది.
నమ్మలేక ఇంకో రోజు ఆగి కొడుకుతో చెప్పాను.

సాయంత్రం అండాలు వచ్చింది, చెప్పులు విప్పకుండా
వార్డు గుమ్మంలోనే నిలబడింది.
"గుండ్ల పేరు సంగతి నేను మర్శిపోలె."
నేను తలూపాను.
తప్పు కడుపులో పెట్టుకో అని
అడుగుదామని నోటిదాకా వచ్చింది.
అప్పటికే ఆమెవి కొన్ని కోట్లు
నా కడుపులో పొయ్యిలు వెలిగించుకున్నాయి.
ఎవరు ఎవర్ని పెట్టుకున్నట్టు?
లాలాపేట బస్సు వేళైందని వెళ్ళిపోయింది.

రాత్రి పదింటికి ఆకలేసింది.
ఇడ్లీకి కాదు, బ్రెడ్డుకు కాదు.
ముప్పై ఏళ్ళుగా ముట్టనిదానికి.
ఈ ఆకలి నాదో, దానిదో!
కొడుకును లేపాను.
"ఉల్లిగడ్డ దొరుకుతుందేమో చూడు.
కొయ్యకు.
గుద్ది పగలగొట్టు."